టేకాకు మీద తిండి

ఒక పెద్ద అడవిలో, తమకో పంచాయతీ ఉందన్న సంగతి సగం జంతువులకి తెలియనంత పెద్ద అడవిలో, నీలాలనే కాకి కాపురం ఉండేది. నేరేడు చెట్టు మీద గూడు. గూట్లో మూడు పిల్లలు. వాటిలో ఒకటి ఎంత పెట్టినా తినేసి ఇంకా నోరు తెరిచే పెద్ద పిల్ల. మిగతా రెండూ మామూలు కాకిపిల్లలు. అందరికన్నా చిన్నదాన్ని బుడ్డది అనేవాళ్లు.

తెల్లారితే చాలు, మూడు నోళ్లు తెరుచుకునేవి. నీలాలు పురుగు తెచ్చేది, మిడతను తెచ్చేది, ఎవరో తిని వదిలేసిన మాంసం ముక్క తెచ్చేది. గొంతులోకంటా ముక్కు దూర్చి కుక్కి, మళ్లీ ఎగిరిపోయేది. తను తిన్నదో లేదో పొద్దు వాలాక గానీ గుర్తొచ్చేది కాదు.

అడవి పంచాయతీకి పెద్ద దున్నరాయుడు. అడవిదున్న. ఏ మాట చెప్పినా ముందు మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరేసేవాడు. ఆయన పక్కన కార్యదర్శి తొండ. ఎవరేమన్నా తలాడించడమే దాని పని. పోనీలే, పని అంటూ ఒకటుంది.

ఆ ఏడు పంచాయతీకి చేయడానికి ఏమీ లేకపోయింది. వానలు వాటంతట అవే పడ్డాయి. గడ్డి దానంతట అదే మొలిచింది. ఏమీ తోచక దున్నరాయుడు తల్లుల మీద పడ్డాడు.

"ఈ కాలం తల్లులకి పిల్లల తిండి మీద శ్రద్ధ లేదు. ప్రకృతికి దూరమైపోతున్నారు," అన్నాడు, నట్టడవిలో నిలబడి.

తొండ తలాడించింది.

తల్లుల్ని ప్రకృతికి దగ్గర చేయడానికి పికవల్లి అనే కోయిలని సలహాదారుగా పెట్టారు. ఆవిడకి లేని అర్హత లేదు. గొంతు బాగుంటుంది. ఒక్క ఈక చెదరదు. ఏటా గుడ్లు పెడుతుంది, అయినా కళ్ల కింద అలసట లేదు. పొద్దున్నే లేచి పాడుకునేంత తీరిక.

"పిల్లలేరమ్మా?" అని ఎవరైనా అడిగితే, "గురుకులంలో వేశాను. అక్కడైతే క్రమశిక్షణ," అనేది.

ఏ గురుకులమమ్మా అని అడగొచ్చు. అడిగే తీరిక తల్లులకి ఎక్కడిది?

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఇప్పచెట్టు కింద పాఠం. రానివాళ్ల పేర్లు తొండ రాసుకుంటుంది.

"పిల్లకి సహజమైన తిండి పెట్టండి," అంది పికవల్లి. "సహజమంటే పండు. నేను పండే తింటాను, నన్ను చూడండి. పురుగు బరువు. మిడత వేడి. ఎంగిలి మాంసం మాట నా ముందు ఎత్తకండి. మంచులో తడిసిన రావిపండు, అదీ తూర్పు కొమ్మది, పాట పాడుతూ తినిపించాలి. ముద్దకో పాట."

నీలాలు భయం భయంగా రెక్క ఎత్తింది. "నాకు పాట రాదండి, అమ్మగారూ."

"అదేగా నీతో వచ్చిన చిక్కు."

"నేనిక్కడ పాఠం వింటుంటే అక్కడ పిల్లలకి ఎవరు పెడతారండి?"

"తీరిక దొరకదమ్మా, చేసుకోవాలి. నేను చేసుకోవట్లేదూ?"

అడవిపంది వరాలు అప్పుడే బురదలోంచి లేచొచ్చింది, వెనకాల తొమ్మిది పిల్లలతో. "అమ్మగారూ, మరి తండ్రులకి పాఠం ఎప్పుడండీ?" అంది.

దున్నరాయుడు ఉలిక్కిపడ్డాడు. "వాళ్లకి తీరికుండదు వరాలూ. పాపం, ఎన్ని పనులు!"

ఆ పనులేమిటా అని నేనూ చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. ఇంకా తేలలేదు.

పాఠం చివర తల్లికో టేకాకు పంచారు. ఏ పూట ఏ పిల్లకి ఏం పెట్టబోతోందో దాని మీద గుర్తులు పెట్టి, గూటికి వేలాడగట్టాలి. ముందు ఆకు నింపాలి, ఆ తర్వాతే పిల్ల నోరు నింపాలి. సాయంత్రం తొండ వచ్చి ఆకు చూసిపోతుంది.

రాసి ఉన్నదాన్ని చూస్తే, కొత్తగా చదువు నేర్చినవాళ్లకి ఒక భయం ఉంటుంది. నాకు మనవలు పుట్టాక అక్షరాలొచ్చాయి, ఆ భయం నాకు తెలుసు. ఆకు మీద ఉంది కదా, నిజమే అయుంటుందనుకుంటాం. నీలాలూ అలాగే అనుకుంది.

మూడు రోజులు రావిపళ్లు మోసింది. రాని పాట పాడింది. కావు కావుమంటే అడవంతా నవ్వింది. పెద్ద పిల్ల పళ్లన్నీ మింగి నున్నగా బలిసింది. కాకిపిల్లలు రెండూ పండు నోట్లో పెడితే కక్కాయి.

నాలుగో రోజుకి బుడ్డది నోరు తెరవడమే మానేసింది. మెడ వాలేసింది.

నీలాలు ఇప్పచెట్టు దగ్గరికి రివ్వున వెళ్లింది. పికవల్లి ఈకలు దువ్వుకుంటోంది.

"అమ్మగారూ, నా చిన్నది దక్కేలా లేదు. ఒక్క పురుగు పెట్టుకోనా?"

"పాట పాడుతూనే పెట్టావా?"

"మీరు చెప్పిందేనండి."

"శ్రుతిలో?"

"కావు కావుమనే పాడానండి."

"అదీ సంగతి! లోపం తిండిలో లేదు, తల్లిలో ఉంది. వెళ్లి ఆకు సరిగ్గా నింపు."

ఆ రోజు నీలాలు ఆకు చాలా సరిగ్గా నింపింది. రావిపండు, రావిపండు, రావిపండు. నింపి, తిన్నగా పోయి ఎండిన పేడ తిరగేసి, తెల్లటి పురుగుల్ని ఏరుకొచ్చి, బుడ్డదాని నోరు తెరిచి గొంతులోకంటా కుక్కింది. మర్నాటికి బుడ్డది మెడ నిలబెట్టింది. ఆ మర్నాడు పెద్దదాన్ని ఒక్క పోటు పొడిచింది. నీలాలు ఆ పూట ఆనందంతో తను కూడా ఒక పురుగు తింది.

తొండ వచ్చి ఆకు చూసి తలాడించి పోయింది. పిల్లని కూడా చూడమని దానికెవరూ చెప్పలేదు.

పథకం గెలిచిందని చాటడానికి పంచాయతీ బొద్దుపిల్లల పోటీ పెట్టింది. అడవి మొత్తానికి బొద్దుపిల్ల నీలాలు గూట్లోని పెద్దదేనని తేలింది. అందరూ నేరేడు చెట్టు కిందికి ఊరేగింపుగా వచ్చారు. ఆ చెట్టు చూడగానే పికవల్లికి గొంతు పట్టేసింది.

"ఒంట్లో బాగాలేదండి, నేను వెళ్తాను."

"ఒక్క పండు మీరు స్వయంగా తినిపించి వెళ్లండి. వీళ్లు చూసి నేర్చుకుంటారు," అన్నాడు దున్నరాయుడు.

తప్పేది లేక పికవల్లి గూటి మీద వాలింది. పాట ఎత్తుకుని, రావిపండు తెచ్చి పెద్ద పిల్ల ముక్కు కొసన పెట్టింది. పండు జారిపోయింది. రెండోది పెట్టింది. అది దున్నరాయుడి కొమ్ము మీద పడి చితికింది.

"దీనికి ఆకలి లేదు," అంది పికవల్లి.

పెద్ద పిల్ల ఆకలితో చెట్టు అదిరేలా కేక పెట్టింది.

"మూతి మీద కాదమ్మగారూ, గొంతులో పెట్టాలి!" కింద నుంచి వరాలు అరిచింది. "పందిని, నాకే తెలుసు."

ఆ ఏడుపు నీలాలు తట్టుకోలేకపోయింది. అలవాటుగా నాలుక కింద దాచుకొచ్చినవాటిలో ఒకటి పిల్ల గొంతులోకి కుక్కేసింది. తొందరలో సగం బయట వేలాడింది.

"పురుగు!" అన్నాడు దున్నరాయుడు.

తొండ మొదటిసారి తలాడించడం మర్చిపోయింది. పురుగు వంక ఆశగా చూస్తోంది.

"ఆకు మీద రావిపండని ఉందేం?" అని అడిగాడు దున్నరాయుడు.

"అవునండి. ఆకు మీకు, పురుగు పిల్లకి," అంది నీలాలు. "మీ ఆకు నమ్మి నా బుడ్డదాన్ని చంపుకోబోయానండి."

"నా ఆకు మీదా రావిపండేనండి," అంది వరాలు. "ఆ ఆకుని కూడా మావాళ్లు నిన్న తినేశారు." అంటూ పైకి చూసి, కళ్లు చికిలించింది. "అవునూ, నీలాలక్కా, నీ పెద్దదాని రెక్కల మీద ఆ చుక్కలేంటే? మీ ఇంట్లో ఎవరికైనా చుక్కలున్నాయా?"

అందరూ పెద్ద పిల్ల రెక్కలు చూశారు. తర్వాత, పక్కనే ఉంది కాబట్టి, పికవల్లి రెక్కలు చూశారు. అవే చుక్కలు.

నీలాలు ఆ చుక్కలూ ఈ చుక్కలూ చూసింది.

"ఇదేనా తల్లీ, గురుకులం?" అంది.

పెద్ద పిల్ల మళ్లీ నోరు తెరిచింది. నీలాలు ముక్కు ఎత్తింది. పొడుస్తుందనుకున్నారు. రెండో పురుగు పెట్టింది.

"దీనికేం తెలుసు," అంది.

దున్నరాయుడు పడుకుని పొద్దు వాలేదాకా నెమరేసి, లేచి తీర్పు చెప్పాడు. "అడవికల్లా బలమైన పిల్ల ఇదే. దీన్ని కన్నది పికవల్లి. కాబట్టి ఉత్తమ మాత పికవల్లి. దొంగ ఆకు నింపినందుకు నీలాలుకి మందలింపు."

తొండ తలాడించింది.

పికవల్లి మెడలో అడవిమల్లె దండ పడింది. గొంతు ఎప్పటికన్నా బాగైపోయింది. అప్పటికప్పుడే కొత్త పాఠం మొదలుపెట్టింది. గూడు లేకుండా తల్లి కావడం ఎలా? అసలైన సహజ జీవనం అదేనట. ఈ పాఠానికి ఎవరూ పిలవకుండానే అందరూ వచ్చారు.

మరుసటి ఏడు ఒక్క పిట్టా గూడు కట్టలేదు. గుడ్లు పెట్టే వేళకి గోరింక పిచ్చుక గూటికి బయల్దేరింది, పిచ్చుక గోరింక గూటికి బయల్దేరింది. దారిలో ఎదురుపడి, "ఎక్కడికొదినా?" అంటే "ఊరికే, గాలికి," అనుకున్నారు.

నీలాలు మాత్రం కట్టింది. నేరేడు చెట్టు మీద కాదు, ముళ్లకంపల నడుమ, ఎవరికీ కనబడకుండా. అడుగున పాత టేకాకులు మెత్తగా పరిచింది. కాపలాకి, ఎదిగిన బుడ్డది ఉంది.

పికవల్లి అడవంతా తిరిగి తిరిగి నేరేడు చెట్టు మీద వాలింది. ఉట్టి కొమ్మ మీద నీలాలు కూర్చుని ఉంది.

"నీలాలూ, గూడేదే?"

"గురుకులం మూసేశామండి, అమ్మగారూ."

"మరి నా గుడ్డు? నేను గూడు ఎప్పుడు కట్టను, ఎప్పుడు పొదగను? నాకు తీరికేదీ?"

"తీరిక దొరకదమ్మా," అంది నీలాలు. "చేసుకోవాలి."

పికవల్లి ఓ పుల్ల తెచ్చి కొమ్మ మీద పెట్టింది. జారిపోయింది. ఇంకోటి పెట్టింది. అదీ జారి, కింద నిద్రపోతున్న వరాలు వీపు మీద పడింది.

వరాలు ఒక కన్ను తెరిచింది. "ముందు ఆకు నింపండమ్మగారూ. ఆ తర్వాతే పుల్ల."

ఇందులో నీతి అంటూ ఉంటే ఇదొక్కటే: పిల్లల్ని ఎలా పెంచాలో లోకానికి బాగా చెప్పాలంటే, ముందు మన పిల్లల్ని ఎవరి గూట్లోనైనా పెట్టి రావాలి.