హైడ్రాంజియా కింద దారాలు

ఆ పొద్దున్న సెత్సు పెట్టుకున్న పని చాలా చిన్నది. గిన్నెలో వాడేసిన టీ బ్యాగులు పన్నెండు పోగయ్యాయి. మొక్కల మొదట్లో పాతితే మట్టికి బలమని రేడియోలో విన్నది. జపాన్‌లోని కనజావాలో వానలు మొదలై వారమైంది. ప్రతి ఇంటి గోడ పక్కనా హైడ్రాంజియాలు నీలంగా విరగబూశాయి, సెత్సు పెరట్లో తప్ప. ఆ పొదను నాటింది అత్తగారు తొమె. ఆవిడ పోయాక మూడేళ్లుగా అది ఒక్క పువ్వూ పూయలేదు.

బ్యాగులన్నీ ఆ పొద చుట్టూ పాతి, చోటు గుర్తుండాలని వాటి దారాల కొసలు మట్టి పైకి వదిలింది. పన్నెండు దారాలు.

మర్నాడు చూస్తే పదిహేనున్నాయి.

"లెక్క తప్పుంటావు," అన్నాడు భర్త గెన్‌పెయ్, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మూడోనాటికి పంతొమ్మిదయ్యాయి. ఈసారి ఆయనే గొడుగేసుకుని వెళ్లి, వంగి, రెండుసార్లు లెక్కపెట్టాడు. తడి మట్టిలోంచి ప్రతి దారం చుట్టూ తెల్లటి బూజు సన్నగా, పొడుగ్గా లేచి ఉంది, నెరిసిన జుట్టులా. గాలి లేకపోయినా కదిలినట్టనిపించింది.

"మా అమ్మ టీ పిప్పి కూడా పారేసేది కాదు," అన్నాడు గొంతు తగ్గించి. "ఆవిణ్ణి నువ్వేమైనా కష్టపెట్టావా?"

"అయ్యో, నేనెందుకు కష్టపెడతానండీ!"

కానీ ఆ రోజంతా సెత్సు చేతులు వేడి నీళ్లలో పెట్టినా చల్లగానే ఉన్నాయి.

బౌద్ధ గుడి నుంచి గురువుగారు వచ్చి, పొద ముందు మంత్రం చదివారు. "పెద్దావిడకు దాహంగా ఉన్నట్టుంది. చేయి తిరిగిన వాళ్లతో మంచి టీ చేయించి పెట్టండి," అన్నారు.

ఆ సందులో చేయి తిరిగిన మనిషి పక్కింటి మియాసె టీచరు. పచ్చటి టీ పొడిని నురగొచ్చేలా చిలికి వడ్డించే మర్యాదలు నలభయ్యేళ్లుగా శిష్యులకు నేర్పుతోంది. టీ బ్యాగు మాటెత్తితేనే ముక్కు మూసుకుంటుంది. విషయం చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది.

"నేనా? ఆ పొద దగ్గరికా?"

"మీరు కాకపోతే ఇంకెవరండీ!"

సందంతా పెరట్లో గుమిగూడింది. పొద దగ్గరికి వచ్చేసరికి టీచరు చేతిలోని పాత్ర వణికి, పచ్చటి నురగ దారాల మీద ఒలికింది.

"చూశారా! అంతటి టీచరుగారికే చేయి వణికింది. పెద్దావిడ అక్కడే కూర్చునుంది," అన్నాడు టోఫు అమ్మే ముసలాయన. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

ఆ మర్నాడు తెల్లవారుతుండగా సెత్సు పెరటి తలుపు జరిపింది. పొగమంచులో పొద దగ్గర తెల్లటి వంట అంగీ తొడుక్కున్న ఆకారం వంగి, వేళ్లతో మట్టి తవ్వుతోంది. అత్తగారు బతికినంత కాలం అలాంటి అంగీలోనే ఉండేది. సెత్సు చెప్పులైనా తొడుక్కోకుండా పెరట్లోకి దిగింది. బురదలో పడి, నుదురు నేలకానించింది.

"అత్తయ్యా, క్షమించండి! చివరి ఏడాది మీరు టీ అడిగినప్పుడల్లా వాడిన బ్యాగే మళ్లీ ముంచి ఇచ్చాను. మీకు రుచి తెలియదనుకున్నాను!"

ఆ ఆకారం కూడా దభీమని నేల మీద బోర్లా పడింది.

"మీరే నన్ను క్షమించాలి సెత్సుగారూ!"

"టీచరుగారా!"

"చెత్త సంచులు అద్దంలా ఉంటాయి కదమ్మా, లోపలేముందో సందంతా చూస్తుంది. మోకాళ్లు పట్టేశాయి. నా ఒక్కదాని కోసం కూర్చుని టీ చిలకలేక బ్యాగులే తాగుతున్నా. మీ దారాల్లో నాలుగు కలిస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. తీరా మీ దయ్యాన్ని చూస్తామని శిష్యులంతా ఇవాళ మా ఇంట్లో దిగుతున్నారు. ఇంకెక్కడ దాచను?"

ఇద్దరూ బురదలోంచి తల ఎత్తలేదు.

"నేనన్నది విన్నారా?" అంది సెత్సు చివరికి.

"ఏదీ? లేదే." వేళ్లకంటిన మట్టి అంగీకి తుడుచుకుంటూ టీచరు అంది: "రెండోసారి ముంచినా అంత చెడ్డగా ఏమీ ఉండదు లెండి."

ఇంట్లోంచి గెన్‌పెయ్ కేకేశాడు. "ఎవరితో మాట్లాడుతున్నావే?"

"అత్తయ్యతో!" అంది సెత్సు.

లోపలి తలుపు ధడాలున మూసుకుంది.

మర్నాటి నుంచి దయ్యం వీధి తలుపు తట్టి, చేతిలో వాడేసిన టీ బ్యాగుల చిన్న డబ్బాతో వచ్చేది.