గట్టు లోపలి ఇల్లు

ఆదివారం పొద్దున గడ్డం గీసుకుంటూ గుమాస్తా ఒక నిర్ణయానికి వచ్చాడు. సాయంత్రానికల్లా అత్తగారు తన గదికి తాను వెళ్లిపోవాలి. తన మంచం తనకు దక్కాలి.

నెల రోజులుగా ఆ మంచం ఆమెది. ఆమె ఉండే వెనక గదిని ఆనుకుని, పునాది పక్కన వాననీళ్లు నిలిచి, గోడ మోకాలెత్తు వరకు చెమ్మెక్కింది. ఆమె కీళ్లు పట్టేశాయి. కూతురు తల్లిని చెయ్యిపట్టి తీసుకొచ్చి తన పక్కన పడుకోబెట్టుకుంది. అల్లుడు హాల్లో సోఫాకు మారాడు. సోఫా అతని కన్నా జానెడు పొట్టి. నెల రోజులు కాళ్లు గాలిలో పెట్టి పడుకున్న మనిషికి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. ఆలోచించి చెయ్యాలని మాత్రం అనిపించదు.

అతను పనిచేసేది డ్యామ్ ఆఫీసులో. పదహారేళ్లుగా అక్కడ సెలవు చీటీల ఫైలు చూస్తున్నాడు. నీటిని గ్లాసులో తప్ప దగ్గరగా చూసిన పాపాన పోలేదు. అయినా వీధిలో ఎవరి కుళాయి కారినా వెళ్లి సలహా చెప్పేవాడు. డ్యామ్ ఆఫీసు మనిషి కదా అని వాళ్లు వినేవాళ్లు. వాళ్ల తెలివీ అంతే.

తొమ్మిదింటికి మేస్త్రీ ఇద్దరు కూలీలతో వచ్చాడు. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, తలెత్తి డాబా మీంచి దిగే గొట్టం వైపు చూశాడు.

"రోగం ఇక్కడుంది సార్. డాబా మీద పడ్డ వానంతా ఈ గొట్టంలోంచి తిన్నగా పునాది మీదే పడుతోంది. నేల కూడా గోడ వైపే వాలింది. గొట్టం పొడిగించి వీధి కాలవలో కలిపేద్దాం. గోడ పక్కన మట్టి కొట్టి బయటికి వాలు ఇద్దాం. మధ్యాహ్నానికి అయిపోతుంది."

గుమాస్తాకు నవ్వొచ్చింది. నెల రోజుల బాధకు గొట్టం ముక్క మందా?

"అవన్నీ చిల్లర పనులయ్యా. నీళ్లు ఆగాలంటే గట్టు కట్టాలి. ప్రహరీకి ఆనించి చుట్టూ మోకాలెత్తు గట్టు. మా ఆఫీసులో అంతే."

"మీ ఆఫీసులో నీళ్లు నిలబెడతారు సార్. ఇక్కడ పంపించెయ్యాలి."

"నాకు చెప్తావా నీళ్ల గురించి?"

మేస్త్రీ టేపు తీసి ప్రహరీ కొలిచాడు. ఇటుకలతో అయితే మూడు రోజులు పడుతుందన్నాడు. సాయంత్రానికి కావాలన్నాడు గుమాస్తా. అయితే మట్టి బస్తాలు పేర్చి పైన సిమెంటు పూద్దామన్నాడు మేస్త్రీ. గేటుకు అడ్డంగా కూడా బస్తాలు పేర్చారు. పెరట్లో నీళ్లు బయటికి పోయే కన్నం ఒకటి ప్రహరీ అడుగున ఉంది. అందులోంచి బయటి నీళ్లు లోపలికి వస్తాయని గుమాస్తా దాన్ని దగ్గరుండి పూడిపించాడు.

ఎదురింట్లో రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉంటాడు. గేటు దగ్గర బస్తాలు చూసి ఆయన వీధి దాటి వచ్చాడు.

"ఏమయ్యా, ఏమిటీ బస్తాలు?"

"ఏం లేదు మాస్టారూ. మా అత్తగారి గది కోసం."

"ఆవిడ గది వెనకాల కదా. బస్తాలు గేటు ముందెందుకు?"

"ముందుజాగ్రత్త."

మాస్టారు మబ్బు పట్టిన ఆకాశం వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "డ్యామ్‌లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి?"

"అది నేను చెప్పకూడదు" అన్నాడు గుమాస్తా. తెలియదు కాబట్టి అన్నాడు.

పదిన్నరకల్లా ఆ మాట వీధి చివరిదాకా నడిచింది. డ్యామ్ నీళ్లు వదులుతున్నారు, లోపలి మనిషి ఇంటికి గట్టు కట్టుకుంటున్నాడు, మనకు చెప్పడం లేదు. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, మేమంతా కొట్టుకుపోవలసిందేనా?"

"వరదా లేదు, ఏమీ లేదమ్మా. ఒట్టు."

"చూశారా, ఒట్టేసేదాకా వచ్చింది!" అని ఆవిడ వెనక్కి తిరిగి వీధికంతా చెప్పింది.

భార్య అతన్ని వంటింట్లోకి లాగింది. "ఏమండీ, నాతో కూడా దాస్తారా?"

"మీ అమ్మ గదిలో చెమ్మ కోసమే కదటే ఇదంతా!"

"ఇంకా మా అమ్మ మీదకే తోస్తారా? ప్రాణాల మీదకొచ్చాక కూడానా?"

గట్టిగా నాలుగు మాటలు చెప్పి ఉంటే అక్కడితో ఆగేది. కానీ బయట ముప్పై మంది అతని నోటి వంక చూస్తున్నారు. పదహారేళ్లలో సెలవు కావలసినవాడు తప్ప అతని నోటి వంక ఎవరూ చూడలేదు. "మాకు టైమెంత ఉందయ్యా?" అని మాస్టారు అడిగాడు. గుమాస్తా అబద్ధం చెప్పలేదు. చేతి గడియారం చూసుకున్నాడు, అంతే.

వీధంతా గట్టు లోపలికి వచ్చి పడింది. టీవీలు, కుట్టుమిషన్లు, పరుపు చుట్టలు. పక్కింటావిడ తన అత్తగారిని, మాస్టారు తన తల్లిని తెచ్చి దిగబెట్టారు. మధ్యాహ్నానికి గుమాస్తా మంచం మీద ముగ్గురు ముసలమ్మలు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. సోఫా మీద మాస్టారి బీరువా పడుకుంది.

మూడింటికి వాన మొదలైంది. గంటసేపు ఎడతెరిపి లేకుండా కొట్టింది. డాబా మీద వానంతా గొట్టంలోంచి పెరట్లోకి దూకింది. పోయే దారి లేక గడప దాటి హాల్లోకొచ్చింది.

"వచ్చేసింది! డ్యామ్ వచ్చేసింది!" అని పక్కింటావిడ కుట్టుమిషన్ ఎక్కింది. ఆడా మగా కుర్చీలెక్కి కేకలు పెట్టారు. మాస్టారు మాత్రం మెట్లెక్కి డాబా మీదకు పోయాడు. కాసేపటికి పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

"వీధిలో నీళ్లు లేవు! కాలవ చక్కగా పారుతోంది! మా అరుగు మీద కుక్క పడుకుంది! ఒరేయ్, నీళ్లు ఈ ఇంట్లోనే ఉన్నాయిరా!"

కేకలు ఆగిపోయాయి. అందరూ పాదాలు మునిగే నీళ్లలో నిలబడ్డ గుమాస్తాను చూశారు. ఈసారి అతని నోటి వంక ఎవరూ చూడలేదు.

మంచం మీంచి అత్తగారు అంది: "అల్లుడు గారూ, నెల రోజుల వానకి కానిది మీరు ఒక్క పూటలో చేశారు." తర్వాత గుమ్మంలో చుట్ట కాలుస్తున్న మేస్త్రీని పిలిచింది. "నాయనా, ఆ బస్తాలు లాగెయ్యి. తర్వాత గొట్టం సంగతి చూడు. ఈయన్ని అడక్కు."

పది నిమిషాల్లో నీళ్లు వీధి కాలవలోకి వెళ్లిపోయాయి. ఆ వెనకే తడిసిన టీవీలు, తడిసిన పరుపులు, ముసలమ్మలు వెళ్లిపోయారు. వెళ్లొస్తామని ఒక్కరూ అనలేదు.

ఆరింటికి డ్యామ్ ఇంజనీరు గారు ఫోన్ చేశాడు. వరద మాట విని ఆయన భార్య కూడా సామాన్లు సర్దేసిందట.

"డ్యామ్‌లో నీటి మట్టం ఎంతో నీకు తెలుసా?"

"తెలియదు సార్."

"అయితే వెళ్లి చూడు."

మర్నాడు ఆర్డరు చేతికొచ్చింది. డ్యామ్ దగ్గరే ఉండి, రోజూ పొద్దునా సాయంత్రం నీటి మట్టం చూసి రాయాలి. ఉండటానికి అక్కడ ఒంటి గది క్వార్టరు ఇచ్చారు. గదిలో అతని నిలువుకు సరిపోయే మంచం ఉంది. మూడో రోజు భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, ఇక్కడ నాలుగు గదులూ చెమ్మే. అక్కడ గోడలు పొడిగా ఉన్నాయా అని అమ్మ అడుగుతోంది."

"కారిపోతున్నాయి" అన్నాడు గుమాస్తా, పొడి గోడకు చేరగిలబడి కాళ్లు బారజాపుకుంటూ.