గుబురయ్య గారి పుట్టినరోజులు

ఒక పెద్ద అడవిలో పగలును అందరికీ సమానంగా పంచారు. రాత్రిని మాత్రం ఎవరినీ అడక్కుండా గుబురన్న యువసేనకు రాసిచ్చేశారు.

గుబురన్న అంటే ఆ అడవి పంచాయతీ అధ్యక్షుడు, ఎలుగుబంటి గుబురయ్య గారు. కొండకు అవతలి పక్క, లోతైన గుహలో కాపురం. మంచివాడే. తేనె పట్టుకెళితే కాదనడు. పని చెప్పినా కాదనడు. చెయ్యడు, అంతే.

యువసేన అంటే ఒక మంద కొండముచ్చులు. వాటి నాయకుడు కొమ్మేష్. పొడుగాటి తోక, అంతకంటే పొడుగాటి అభిమానం.

కొండకు ఇవతల ఏటి ఒడ్డున పెద్ద వెదురు పొద ఉంది. ఎండిన వెదురును కణుపు కణుపుగా విరిచి నిప్పుల్లో వేస్తే ఢామ్మని పేలుతుంది. ఒంటి కణుపుకు కుందేలు ఎగిరి పడుతుంది. జంట కణుపుకు జింక ఎగిరి పడుతుంది. కణుపుల దండ వేశారంటే ఏనుగు కూడా లేచి నిలబడి, ఎందుకు లేచిందో తెలియక మళ్లీ పడుకుంటుంది. ఇసుకలో నిప్పు పాకదు కాబట్టి ఈ వేడుకకు ఏటి ఒడ్డే వేదిక.

ముహూర్తం అర్ధరాత్రి. పుట్టినరోజు మొదలయ్యేది అప్పుడే కదా, అందరికంటే ముందు శుభాకాంక్షలు చెప్పినవాడే అసలైన అభిమాని కదా అని కొమ్మేష్ లెక్క. చిక్కల్లా ఒక్కటే. గుబురయ్య గారు ఏ రోజు పుట్టారో ఎవరికీ తెలీదు. ఇప్పపూలు రాలే కాలంలో పుట్టావని వాళ్లమ్మ చెప్పిందట, అంతే. అందుకని ఇప్పపూలు రాలినన్నాళ్లూ ఏ రాత్రినీ వదిలిపెట్టకుండా పుట్టినరోజు చేసేవారు.

ఆ ఒడ్డునే, గులకరాళ్ల మధ్య, తీతమ్మ గుడ్లు పెట్టింది.

తీతమ్మ ఒక తీతువు పిట్ట. తీతువులు గూళ్లు కట్టుకోవు. నేల మీదే నాలుగు రాళ్లు పక్కకు జరిపి, ఆ రాళ్ల రంగులోనే గుడ్లు పెట్టి పొదుగుతాయి. కణుపు పేలినప్పుడల్లా తీతమ్మ అదిరిపడి గాల్లోకి లేచి అరిచేది. గుండె దడ తగ్గి కిందికి దిగేసరికి గుడ్లు చల్లబడేవి. మొదటి విడత గుడ్లు అలా చల్లబడే పాడైపోయాయి. ఇది రెండో విడత. వానలు పడితే ఏరు ఒడ్డెక్కుతుంది. ఈ సంవత్సరానికి ఇక మూడోసారి ఉండదు.

"ఏమండీ, ఇక్కణ్ణించి వెళ్లిపోదామా?" అంది తీతమ్మ.

"మనం వెళ్లగలమే. గుడ్లకు కాళ్లు లేవుగా," అన్నాడు తీతయ్య.

తెల్లారగానే తీతమ్మ వెళ్లి కొమ్మేష్‌ని పట్టుకుంది.

"ఏం బాబూ, రాత్రి ఏమిటా మోత?"

"అన్న పుట్టినరోజక్కా!"

"మొన్న కూడా అదే అన్నావు."

"మొన్నది తిథి ప్రకారం. నిన్నది నక్షత్రం ప్రకారం. ఇవాళ తారీఖు ప్రకారం."

"మరి రేపు?"

"రేపు పుట్టినరోజులు ఘనంగా జరిగినందుకు విజయోత్సవం."

"నా గుడ్లు చల్లబడిపోతున్నాయయ్యా."

కొమ్మేష్ గొంతు మార్చాడు. "అయితే అన్నంటే నీకు పడదన్నమాట."

వెనకాల నాలుగు కొండముచ్చులు గోక్కోవడం ఆపి తీతమ్మ వైపు చూశాయి. ఆ అడవిలో ఆ మాటకు జవాబు చెప్పినవాళ్లు లేరు. తీతమ్మ కూడా చెప్పకుండా నేరుగా పంచాయతీకి వెళ్లి ఫిర్యాదు ఇచ్చింది.

పంచాయతీ కార్యదర్శి వినయమూర్తి అనే నక్క. సభ రోజున అతను గొంతు సవరించుకుని చెప్పాడు.

"తీతమ్మ ఫిర్యాదు మీద సమగ్ర విచారణ జరిపించాం. శబ్దాల అధికారి కొండచిలువ గారు స్వయంగా ఒడ్డున పడుకుని వచ్చారు. ఏ శబ్దమూ వినపడలేదని తేల్చారు."

"ఆయనకు చెవులే లేవు కదండీ!"

"అందుకే ఆయన్ని వేశాం. చెవులుంటే ఎవరో ఒకరు చెప్పింది వింటారు." వినయమూర్తి ఇంకో ఆకు తిప్పాడు. "పైగా ఒడ్డున ఒక పిట్ట రాత్రిపూట అదే పనిగా అరుస్తోందని మాకు వేరే ఫిర్యాదులు వచ్చాయి. ఆ పిట్ట నువ్వే."

"కణుపు పేలితే బెదిరి అరుస్తున్నానండీ!"

"కణుపు ఒక్కసారి పేలి ఊరుకుంటుంది. నువ్వు పావుగంట అరుస్తావు. లెక్కేసి చూడమ్మా, గోల ఎవరిదో."

సభ్యులంతా లెక్క వేసినట్టు తలలూపారు. అప్పటిదాకా తేనెపట్టు నాకుతున్న గుబురయ్య తల ఎత్తాడు.

"ఇంతకీ ఏం కణుపులు? ఎవరు పేలుస్తున్నారు?"

"మేమే అన్నా!" కొమ్మేష్ ఎగిరి ముందుకొచ్చాడు. "నీ పుట్టినరోజుకే!"

"నా పుట్టినరోజా? ఎప్పుడు జరిగింది? నాకేమీ వినపడలేదే!"

కొమ్మేష్ మొహం మాడిపోయింది. వెదురు పొద సగం ఖాళీ అయింది. యువసేనలో అరచేతులు కాలనివాడు లేడు. ఇంతా చేస్తే, మధ్యలో కొండ అడ్డం ఉండి, అన్న చెవిన ఒక్క కణుపు కూడా పడలేదు.

ఆ మొహాన్ని తీతమ్మ చూసింది. నోటి దాకా వచ్చిన నాలుగు చీవాట్లనూ మింగేసింది.

"నేను మొత్తుకుంటున్నదీ అదేనండీ!" అంది. "గోల అని కాదు నా బాధ. అధ్యక్షుల వారికి జరగాల్సిన గౌరవమంతా వచ్చి నా గుడ్ల మీద పడుతోంది. నేనెంత, నా బతుకెంత? పెద్దల సొత్తు రాత్రంతా నేను అనుభవిస్తుంటే నాకు నిద్రెలా పడుతుందండీ?"

గుబురయ్య కళ్లు చెమర్చాయి. "ఎంత సంస్కారం!" అన్నాడు.

"నిన్ను అపార్థం చేసుకున్నానక్కా," అన్నాడు కొమ్మేష్.

"దానిదేముంది బాబూ. గుహ ముందు పెద్ద బండ ఉందిగా, అక్కడా నిప్పు పాకదు. అక్కడ పేలిస్తే నేరుగా అన్న చెవినే పడుతుంది. ఆ మాటకొస్తే మిగతా సభ్యులకు మాత్రం లోటెందుకు? ఎవరి గౌరవం వాళ్ల గుమ్మంలో జరిపిస్తేనే అందం."

తీర్మానం చప్పట్లతో నెగ్గింది. అందరికంటే గట్టిగా కొట్టింది వినయమూర్తి. అతనికీ ఒక గుమ్మం ఉంది మరి.

మొదటి రాత్రి గుబురయ్య గుహ ముందు నిలబడి, పేలిన ప్రతి కణుపుకూ చెయ్యి ఊపాడు. రెండో రాత్రి కూర్చుని ఊపాడు. ఆ తర్వాత పడుకునే ఊపాడు. వారం తిరిగేసరికి ఊపడానికి చెయ్యి లేవలేదు, మూద్దామన్నా కన్ను మూతపడలేదు.

"ఒరేయ్ కొమ్మేషూ, ఇక చాలురా," అన్నాడు ఒక రాత్రి, పొగకు కళ్లు నులుముకుంటూ.

"చూశార్రా, అన్న కళ్లలో ఆనందబాష్పాలు!" అన్నాడు కొమ్మేష్. "చాలంటున్నాడంటే మొహమాటం. ఇంకో దండ వెయ్యండి!"

మిగతా సభ్యుల గతీ అంతే. ముళ్లపంది గారు ఉలిక్కిపడ్డప్పుడల్లా ముళ్లు లేస్తుంటే వాళ్లావిడ పుట్టింటికి వెళ్లిపోయింది. వినయమూర్తి బొరియకు రెండు గుమ్మాలున్నాయని తెలుసుకుని, ఏ గుమ్మాన్నీ చిన్నబుచ్చకుండా రెండు చోట్లా పేల్చారు.

ఏటి ఒడ్డున మాత్రం నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తీతమ్మ రెక్కలు దింపుకుని, గుడ్ల మీద వెచ్చగా కూర్చుని, కళ్లు మూసింది.

ఒకరోజు గుబురయ్య వినయమూర్తిని గుహలోకి పిలిచాడు.

"ఏమయ్యా, రికార్డుల్లో నేను అసలు పుట్టలేదని రాసెయ్."

"పుట్టనివాళ్లు పదవిలో ఉండకూడదండీ."

"పదవి పోతే ఈ మోత ఆగుతుందా?"

"పదవి పోయినవాళ్లకు ఎవరు పేలుస్తారండీ?"

గుబురయ్య కాసేపు నిజంగానే ఆలోచించాడు. ఇంతలో తేనె గుర్తొచ్చింది. "ఇంకో దారి చూడు," అన్నాడు.

మర్నాడు అత్యవసర సభ పెట్టారు. ఆవలింతల మధ్య తీర్మానం చదివారు. చీకటి పడ్డాక అడవిలో ఎక్కడా కణుపు పేల్చరాదు. రేపు పొద్దు పొడిచింది మొదలు అమలు. పెద్దలకు నిద్ర లేదని రాస్తే బాగుండదు కనుక, వినయమూర్తి వెతికి వెతికి తీతమ్మ ఫిర్యాదును బయటికి తీశాడు. "ఒక సామాన్య పిట్ట మొర విన్న మరుక్షణమే పంచాయతీ స్పందించింది," అని కింద చేర్చాడు.

ఈ వార్తకు కొమ్మేష్ ముందు ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"ఒరేయ్, నిషేధమంటే చరిత్ర కదరా! చరిత్రను ఊరికే వదిలేస్తామా? ఉన్న కణుపులన్నీ రేపటి నుంచి దండగే. అన్నీ ఇవాళే పేల్చెయ్యాలి. మరి గౌరవం ఎవరిది? తీతమ్మక్కది. ఎవరి గౌరవం వాళ్ల గుమ్మంలో. పదండి ఏటి ఒడ్డుకి!"

సరిగ్గా ఆ సాయంత్రమే తీతమ్మ గుడ్లు పగిలాయి. మూడు పిల్లలు బయటికొచ్చాయి. తీతువు పిల్లలు ఒళ్లు ఆరితే చాలు, పరిగెత్తేస్తాయి. నాలుగో గుడ్డుకు మాత్రం ఇంకా చిన్న బీటే పడింది. లోపలి నుంచి టిక్కు టిక్కుమంటోంది.

తీతయ్య రొప్పుతూ వచ్చి వాలాడు. "వస్తున్నారే! భుజాల మీద వెదురు కట్టలు! నీకే సన్మానమట!"

"మీరు ఈ ముగ్గుర్నీ తీసుకుని అవతలి పొదలోకి పొండి. నేను దీనితో ఉంటాను."

"పేలిస్తే లేవకుండా ఉండగలవా?"

"లేవను," అంది తీతమ్మ. అన్నదే గాని, ఇంతవరకూ ఒక్కసారి కూడా లేవకుండా ఉండలేకపోయిందని ఇద్దరికీ తెలుసు.

ఊరేగింపు వచ్చేసింది. అడవిమల్లెల దండ ఒకటి తెచ్చి తీతమ్మ మెడలో వేశారు. దండ ఎలుగుబంటి కొలతది. అందులోంచి తీతమ్మ ముక్కు ఒక్కటే బయటికి కనిపించింది. పది అడుగుల దూరంలో నిప్పు రాజేశారు.

"అక్కా, వెయ్యమంటావా?"

"వేద్దురు గానీ బాబూ. ముందు సన్మానం పొందినవాళ్లు నాలుగు మాటలు మాట్లాడాలి కదా. పద్ధతి."

కొమ్మేష్ పద్ధతి తెలిసినవాడు. "పద్ధతేరా, ఆగండి," అన్నాడు.

తీతమ్మ మొదలుపెట్టింది. ముందు అధ్యక్షుల వారికి, ఉపాధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, సభ్యులు ఒక్కొక్కరికీ పేరు పేరునా నమస్కారాలు చెప్పింది. తర్వాత ఒక్కొక్కరి సేవలు చెప్పింది. కొండచిలువ గారి నిష్పక్షపాతం గురించి విడిగా చెప్పింది. "పొరపాటున ఎవరి పేరైనా మరిచిపోయి ఉంటే మన్నించాలి," అని, ఎందుకైనా మంచిదని మొదటి పేరు నుంచి మళ్లీ అందుకుంది.

కొండముచ్చులు మొదట చప్పట్లు కొట్టాయి. తర్వాత ఆవలించాయి. వెనక వరసలో ఒకటి తోక చుట్టుకుని ఒరిగింది. దాని మీద ఇంకోటి ఒరిగింది.

"అక్కా... ముగిస్తున్నావా?" కొమ్మేష్ రెప్పలు బలవంతంగా ఎత్తి అడిగాడు.

"ముగించే ముందు ఒక్క మాట బాబూ," అంది తీతమ్మ. పొట్ట కింద టిక్కు టిక్కు వినిపిస్తూనే ఉంది. "ఈ యువసేన పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో..."

రెండో ముక్క వినడానికి ఎవరూ మేలుకుని లేరు. నిప్పు బూడిదైంది. అయినా తీతమ్మ ఆపలేదు, ఆపితే లేస్తారేమోనని. ఇప్పపూల కాలం మొదలయ్యాక ఆ అడవి మొత్తం ఏకంగా నిద్రపోయిన రాత్రి అదొక్కటే.

అడవికోడి కూసే వేళకు గుడ్డు పగిలింది. తడి రెక్కల పిల్ల ఒకటి మల్లెదండలో తల పెట్టి, తుమ్మి, బయటికి తూలుతూ వచ్చింది.

కొమ్మేష్ లేచేసరికి కొండ మీద పొద్దు పొడిచింది. నిషేధం అమల్లోకి వచ్చింది. వెదురు కట్టలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"పోనీలే అక్కా," అన్నాడు కళ్లు నులుముకుంటూ. "నిన్ను పంచాయతీలోకి తీసుకుంటారట. నీ పుట్టినరోజు ఎప్పుడో చెప్పు. చీకటి పడ్డాకే కదా వద్దన్నది, నీకు పట్టపగలే పేలుస్తాం."

తీతమ్మ పిల్లను ముందు నడిపించుకుంటూ పొద వైపు బయల్దేరింది.

"నేనింకా పుట్టలేదు బాబూ," అంది వెనక్కి తిరక్కుండా.

నీతి: అడవంతా హాయిగా నిద్రపోవాలంటే, ముందు అధ్యక్షుల వారికి నిద్ర పట్టకూడదు.