గినీ పిగ్ కోసం పంటలు

ఏప్రిల్ పదకొండు, శుక్రవారం. ఆ ఉదయం జనార్ధనరావు తనే పెసరట్టు పోసుకుని అల్లం పచ్చడితో తిన్నారు. అట్టు చిరగకుండా వచ్చింది. భార్య పోయాక నేర్చుకున్న వంటల్లో అదొక్కటే ఇంకా మొండికేస్తోంది కనుక, రోజు బాగుంటుందనుకున్నారు. మనవరాలు నిహారికను బడిలో దింపడం, సాయంత్రం కిషన్‌రావుతో నది గట్టున నడక. న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఆయన కార్యక్రమం అంతే. వీధి చివర ఉండే ఆ కరీంనగర్ పెద్దమనిషే లేకపోతే, పగలంతా ఆయనకు తెలుగులో నోరు విప్పే పనే ఉండదు.

బడి గేటు దగ్గర నిహారిక, కిషన్‌రావు మనవరాలు రుచిత మూతులు ముడుచుకుని నిలబడ్డారు. మర్నాటి నుంచి సెలవులు. తరగతిలో పెంచే గినీ పిగ్‌ను ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్లాలి. ఇద్దరికీ కావాలి. మీలో మీరే తేల్చుకోండి అన్నారట టీచరు.

"దీనికింత గొడవెందుకే? పంటలు వేద్దాం," అన్నారు జనార్ధనరావు. ఆటలో దొంగెవరో తేల్చడానికి కాకినాడలో చిన్నప్పుడు వేసిన పంటలే. అలవాటుగా ముందు తన గుండె మీద చేయి పెట్టుకుని, తర్వాత పిల్లలను తడుతూ, "పప్పు గిన్నె, ఉప్పు గల్లు, పిల్లి మీసం, పండింది నువ్వు" అని ముగించారు. చేయి నిహారిక మీద ఆగింది.

"మా నిహారిక గెలిచింది."

"గట్లెట్లన్నా?" అన్నారు రుచితను దింపడానికొచ్చిన కిషన్‌రావు. "మా దిక్కు ఎవల మీద ఆగితే వాళ్లు అవుట్. గెలిచింది మా రుచిత."

"సరే, మీ పాటే పాడండి."

కిషన్‌రావు కూడా జనార్ధనరావు నుంచే మొదలుపెట్టారు. "అటుక మీద అప్పాల డబ్బ, ఎలుక గుంజె, దొంగవు నువ్వే." ఈసారి రుచిత మీద ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"దొంగకే గద సొమ్ము దొరికేది. రుచితనే గెలిచింది."

"ఇందాక ఆగినవాళ్లు అవుట్ అన్నారు కదండీ?"

"అప్పుడు మీ పాట. ఇప్పుడు మా పాట."

"అంటే మా పాటకి మీ రూలు, మీ పాటకి మా రూలా?"

"నాకు తెల్వదు సార్," అని కిషన్‌రావు వెళ్లిపోయారు. అన్న కాస్తా సార్ అయ్యాడు. జనార్ధనరావుకు గుచ్చుకున్నది అదే.

ఆయన ఫోన్ చేస్తే కూతురు నిరుపమ లంచ్ టైములో బోను కొనేసింది. అక్కడ కిషన్‌రావు భార్య ప్రభావతి ఎవరిదో చిలక పంజరం అడిగి తెచ్చి, ఫొటో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నిరుపమ బోను ఫొటో పెట్టింది. అభినందనలు రెండిళ్లకూ వచ్చాయి. ఆపైన గుంటూరువాళ్లొక పాట, వరంగల్‌వాళ్లొక పాట పెట్టారు. దేశం దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్ నుంచి ఎవరో మూడో రూలు వాయిస్ మెసేజ్‌లో పంపారు. కాసేపటికి గినీ పిగ్ ఊసే పోయింది. ఎవరి ఊళ్లో ఎవరు దొంగ అన్నదే మిగిలింది.

బడి వదిలే వేళకు జనార్ధనరావు ఒక నిర్ణయానికొచ్చారు. గినీ పిగ్ పోతే పోయింది, నడక పోకూడదు.

"కిషన్‌రావుగారూ, మీ రూలే కరెక్టు. రుచితే గెలిచింది."

"లేదు సార్. మీ రూలే మంచిగున్నది. నిహారికనే."

"మీ రూలేనండీ."

"మీదే అంటున్న గద."

ఉదయం కంటే ఇప్పుడే గొంతులు పెద్దవయ్యాయి. టీచరు బయటికొచ్చి పిల్లలను అడిగింది. వాళ్లిద్దరూ ఇంగ్లీషులో తాపీగా చెప్పారు: మా ఇద్దరి మీదా ఆగింది, మేమిద్దరం అవుట్. లెక్కలో మిగిలింది నిహారిక తాతయ్యే. పొద్దున్నే తెలిసిపోయింది, మమ్మల్నెవరూ అడగలేదు.

టీచరు గినీ పిగ్‌ను జనార్ధనరావు చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని పూర్ణకుంభంలా పట్టుకుని బిగుసుకుపోయారు.

"గట్ల గాదన్నా, కింద చెయ్యి పెట్టు," అన్నారు కిషన్‌రావు.

ఆ సాయంత్రం నడక లేదు. కిషన్‌రావు కొత్తిమీర కాడలు పట్టుకొచ్చి, జనార్ధనరావు గదిలో బోను ముందు కూర్చుని, చీకటి పడేదాకా కదల్లేదు. వెళ్తూ గుమ్మంలో ఆగారు.

"అన్నా, పొద్దుగాల బోను ఎవలు కడగాల్నో పంటలేద్దామా?"

జనార్ధనరావు చప్పుడు కాకుండా తలుపు వేశారు.