నాలుగో నంబర్ గదిలో అడవి

ఒక పెద్ద అడవిలో, ఆ అడవి గురించే చదువు చెప్పడానికి యూనివర్సిటీ కట్టారు. కట్టడానికి అరవై చెట్లు కొట్టారు. అందులో ‘ఆరుబయటి విద్య’ అని ఒక శాఖ పెట్టి, దానికి నాలుగో నంబర్ గది ఇచ్చారు. గదికి కిటికీల్లేవు. ఉంటే పిల్లలు బయటికి చూస్తారట!

శాఖాధిపతి తాబేలు, ఆచార్య కూర్మనాథం. పుట్టింది మొదలు తన ఇంట్లోంచి బయటికి రాని జీవి. అయినా ఆరుబయటి విద్య మీద నలభై మూడు పరిశోధన పత్రాలు రాశాడు.

ఆ శాఖలో నిజంగా అడవి తెలిసింది ఒక్క వరాలమ్మకే. ఆమె అడవిపంది, కాంట్రాక్టు లెక్చరర్. ఏ మట్టి కింద నీళ్లున్నాయో, ఏ దుంప తింటే బతుకుతామో, ఏది తింటే చస్తామో పిల్లలను వెంటేసుకుని తిరిగి చెప్పేది. ఆరు నెలలకోసారి ఉద్యోగం పొడిగించమని దండం పెట్టుకుంటూ పదకొండేళ్లు గడిపింది. పదకొండేళ్లు! ఆ ముక్క ఊరికే చదివేసి ముందుకు పోకండి.

కిందటేడు తాబేలు ఒక తలుపు పెట్టించాడు. పిల్లలు గోడమీది హాజరు మిషన్‌కు కాలు ఆనించగానే తలుపు దానంతటదే మూతపడిపోతుంది. యాభై నిమిషాల దాకా దేవుడొచ్చినా తెరుచుకోదు. దాంతో వరాలమ్మ బయటి క్లాసు ఆగిపోయింది.

“సార్, ఆరుబయటి చదువు కదా, బయటికి తీసుకెళ్లనివ్వండి,” అంది వరాలమ్మ.

“ఏడు సంతకాల ఫారం నింపావా?”

“నింపాను. ఆరయ్యాయి. వాతావరణ అధికారి కప్పగారు ‘వాన రావచ్చు, రాకపోవచ్చు’ అని రాసి ఆపేశారు.”

“మరి వానొస్తే?”

“తడుస్తాం సార్.”

“అదిగో! నీకు పరిశోధన దృష్టి లేదమ్మా!” అన్నాడు తాబేలు.

ఇంతలో తనిఖీ కమిటీ వస్తోందని కబురొచ్చింది. కమిటీ పెద్ద కొంగ, బకమూర్తిగారు. ఆయన రాసే నివేదికను బట్టే వరాలమ్మ ఉద్యోగం పర్మనెంటు కావడమో, ఊడడమో.

వైస్ ఛాన్సలర్ ఎలుగుబంటికి చెమటలు పట్టాయి. “కమిటీకి క్షేత్ర పర్యటన చూపించాలి. కానీ బయట కొంగగారి కాల్లో ముల్లు గుచ్చుకుంటే మన గ్రేడు పోతుంది.”

“బయటికెందుకు? అడవినే గదిలోకి తెద్దాం,” అన్నాడు తాబేలు.

కొమ్మలు, ఆకులు మోసుకొచ్చే పని వరాలమ్మ మీదే పడింది. మోసింది. ఒక మామిడి కొమ్మను మాత్రం గుమ్మం బయటే వదిలేసింది.

“అదెందుకు వదిలావు? గుబురుగా బాగుంది.”

“దాంట్లో ఎర్రచీమల గూడుంది సార్.”

“ఉంటే మంచిదేగా, సహజంగా ఉంటుంది! చీమల సహకార గుణం మీద నా పత్రం చదవలేదా?”

“చీమలు కూడా చదవలేదు సార్.”

తాబేలుకు ఒళ్లు మండింది. కొమ్మ లోపలికెళ్లింది. ఒళ్లంతా బురదగా ఉందని వరాలమ్మ బయటే ఉండిపోయింది.

కొంగ, ఎలుగుబంటి, తాబేలు, పిల్లలు అందరూ కాలు ఆనించారు. తలుపు పడింది. గూడు కదిలింది.

పది నిమిషాల్లో చీమల సహకార గుణం అందరికీ బోధపడింది. ఎప్పుడూ ఒంటికాలిమీద నిలబడే కొంగ ఆ ఒక్క కాలు కూడా పైకెత్తాలని చూస్తోంది. ఎలుగుబంటి బల్లెక్కి గంతులేస్తోంది.

వరాలమ్మ తలుపు సందులోంచి అరిచింది. “వీసీగారూ, మీరు ఎలుగుబంటండీ! మీ తాతలు చీమలు తినే బతికారు!”

“అది నా సబ్జెక్టు కాదమ్మా!” అని ఏడ్చింది ఎలుగుబంటి.

“మేడమ్, తవ్వండి!” అని పిల్లలు గోల పెట్టారు.

వరాలమ్మ గోడ కింద మూతి పెట్టి తవ్వడం మొదలెట్టింది. లోపల్నుంచి తాబేలు గొంతు వినిపించింది. “గోడ తవ్వడానికి అనుమతి ఉందా?”

కన్నం పడింది. పిల్లలు దూకబోతే తాబేలు అడ్డుపడ్డాడు. “క్షేత్ర పర్యటనకు శాఖాధిపతే ముందు నడవాలి!” అంటూ దూరి, డిప్ప పట్టక మధ్యలో ఇరుక్కున్నాడు. తల బయట, మిగతాదంతా లోపల. వెనకనుంచి కొంగ ముక్కుతో పొడుస్తోంది.

తాబేలు కళ్లు చికిలించి చూశాడు. “ఇదేనా ఆరుబయట?”

“ఇదే సార్.”

“ఇంత వెలుతురుంటుందని ఏ పత్రంలోనూ లేదే!”

వరాలమ్మ కన్నం పెద్దది చేసి ఆయన్ని లాగి పడేసింది. వెనకాలే అందరూ బతుకుజీవుడా అని బయటపడ్డారు.

వారానికి కొంగగారి నివేదిక వచ్చింది. గదిలో అంత సహజమైన అడవిని ఎక్కడా చూడలేదని యూనివర్సిటీకి అన్నిటికన్నా పెద్ద గ్రేడు ఇచ్చారు. తాబేలు ‘కన్నం ద్వారా ఆరుబయటికి’ అని నలభై నాలుగో పత్రం రాశాడు. కన్నానికి రిబ్బను కట్టి, ‘క్షేత్ర ద్వారం’ అని పేరుపెట్టి, ఎలుగుబంటి చేత కత్తిరింపించారు.

అదే నివేదికను బట్టి వరాలమ్మను తీసేశారు. ఆ పీరియడ్‌లో అందరూ లోపలుంటే ఆమె ఒక్కతే బయట ఉందని మిషన్ చెప్పింది. గైర్హాజరు!

మర్నాడు పిల్లలు బుద్ధిగా వచ్చి కాలు ఆనించారు. తలుపు పడింది. ఒక్కొక్కరే కన్నంలోంచి బయటికొచ్చారు. అవతల వరాలమ్మ దుంపలు తవ్వుకుంటోంది, పొట్టకూటికి.

“మేడమ్, ఇవాళ పాఠమేంటి?” అంది ఒక కుందేలు.

వరాలమ్మ మూతికున్న మట్టి దులుపుకుంది. “వాన రావచ్చు, రాకపోవచ్చు. నడవండి,” అంది.

ఆ ఏడాది ఆరుబయటి విద్యాశాఖలో నూటికి నూరు శాతం హాజరు నమోదైంది.

నీతి: చదువు సాగాలంటే గోడకు ఒక కన్నం ఉండి తీరాలి, దాన్ని తవ్వినవాళ్లకు మాత్రం ఉద్యోగం ఉండకూడదు.