కదలని గోడ

"ఇవాళ బీరువా జరపకపోతే నన్ను అడుగు!" అని పొద్దున్నే భార్య ముందు శపథం చేసి ఆసుపత్రికి బయలుదేరాడు గుండెకు స్కాన్ తీసే ఎకో టెక్నీషియన్. కిటికీకి అడ్డంగా ఉన్న ఆ బీరువాను పక్కకు జరుపుతానని మూడు నెలలుగా చెబుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరితే బావమరిది కూడా ఓ చెయ్యి వేస్తాడు.

ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. స్కాన్ బొమ్మలో గుండె గోడ వెంట చుక్కలు పెడితే, ఏ భాగం ఎంత కదులుతోందో చూపిస్తుంది. కదిలితే ఎరుపు, కదలకపోతే నీలం. రోగుల మీద వాడేముందు ఒక మంచి గుండె మీద చూడాలి. పందొమ్మిదేళ్లుగా ఊరందరి గుండెలూ చూసినవాడు, తన గుండె ఉండగా ఇంకొకటి వెతుకుతాడా? నర్సు చేత ఛాతీ మీద స్కాన్ ప్రోబ్ పట్టించి బొమ్మ తీయించుకున్నాడు. చకచకా చుక్కలు పెట్టాడు. ఒక పక్క గోడంతా నీలం!

అతను నర్సు చెయ్యి పట్టుకున్నాడు. "సిస్టర్, నా పని అయిపోయింది."

నర్సు అతణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఇంటికి ఫోన్ చేసింది. "కంగారు పడకండమ్మా. సారు ఇవాళ బరువులేమీ ఎత్తకూడదు."

"అనుకున్నాను! బీరువా అనేసరికి రోగం వచ్చిందా? ఫోన్ ఆయనకివ్వండి."

"మాట్లాడకూడదు కూడానండీ."

మొగుణ్ణి ఈడ్చుకుపోదామని తమ్ముణ్ణి వెంటేసుకుని వచ్చిన ఆవిడ, చక్రాల కుర్చీ చూసి గుమ్మంలోనే కూలబడింది. "బీరువా వద్దు, వెలుతురూ వద్దు. చీకట్లోనే ఉందాం. మీరుంటే చాలు!"

అంత ప్రాణభయంలోనూ ఆ మాట అతనికి తీయగా తగిలింది. తప్పించుకు తిరిగిన మూడు నెలలూ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంతలో గుండె డాక్టరుగారు వచ్చి, బొమ్మ చూసి తల పట్టుకున్నారు. "ఏమయ్యా, ఇన్నేళ్ల సర్వీసు! ఇక్కడ పక్కటెముక నీడ పడి గోడ కనబడటం లేదు. నువ్వు నీడ మీద చుక్కలు పెట్టావు. నీడ కొట్టుకుంటుందా? సొంత గుండె అని ధీమా! పద, నా మీద తీసి నేర్చుకో."

ఈసారి అతనే ప్రోబ్ పట్టాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఒళ్లు దగ్గర పెట్టుకుని చుక్కలు పెట్టాడు. ఒక పక్క నీలం.

"మళ్లీ ఎముకేనా?" పడుకునే నవ్వారు డాక్టరుగారు.

అతను కోణం మార్చి తీశాడు. ఇంకోసారి తీశాడు. ఇప్పుడే చీవాట్లు పెట్టిన మనిషికి ఈ మాట చెప్పడమెలా? చెప్పకుండా ఉండటమెలా?

"లేదు సార్," అన్నాడు ప్రోబ్ పక్కన పెట్టి. "ఇది గోడే."

డాక్టరుగారు తెర వైపు తల తిప్పి చూశారు. "వారం నుంచి మెట్లెక్కితే ఆయాసం," అన్నారు మెల్లగా. "వయసనుకున్నాను."

భార్య కళ్లు తుడుచుకుని, మొగుడు లేచిన చక్రాల కుర్చీని ముందుకు తోసింది. "ఇందులో కూర్చోండి డాక్టరుగారూ. మా ఆయనకి ఇక అక్కర్లేదు."

ఆ సాయంత్రమే ఆయనకు పూడుకుపోయిన రక్తనాళం తెరిచారు. నెల తిరిగేసరికి ఆయన గుండె గోడ నీలం వదిలి ఎరుపెక్కింది.

బీరువా మాత్రం ఇంకా కిటికీ దగ్గరే ఉంది.