నల్ల ఘోడా

మధ్యాహ్నం దివాకర్ వస్తున్నాడని గౌస్ పీర్ పొద్దున్నే చదరంగం పెట్టె దించి దుమ్ము దులిపాడు. గుత్తి రైల్వే క్వార్టర్ల అరుగు మీద ఇద్దరూ ఎన్ని ఎండాకాలాలు ఆడారో! నల్ల గుర్రం ఒకటి అప్పుడే పోయింది. దాని చోట శెనక్కాయ పెడితే, ఓడిపోయేలా ఉన్నప్పుడల్లా దివాకర్ దాన్ని ఒలుచుకు తినేసేవాడు. ఆ దొంగాట తలుచుకుంటే గౌస్ పీర్‌కు ఇప్పటికీ నవ్వొస్తుంది, కళ్లూ చెమరుస్తాయి. దివాకర్ రాజకీయాల్లోకి పోయాక ఆట ఆగిపోయింది. ఇన్నేళ్లకు తనంతట తానే వస్తానన్నాడు.

బజారులో ప్రవీణ్ పెట్టిన కొత్త మిషను ప్లాస్టిక్‌ను కరిగించి, పొర మీద పొర పోసి, ఏ వస్తువునైనా అచ్చేస్తుందట. గౌస్ పీర్ ఫోన్ చేశాడు. ఇంట్లో ఉర్దూ కనుక గుర్రాన్ని ఘోడా అనడమే అలవాటు.

"నల్ల ఘోడా ఒకటి చెయ్యప్పా ప్రవీణా. ఈపొద్దు దివాకర్ గాని ఆట కట్టిస్తా!"

అవతల ప్రవీణ్ ఫోను స్పీకర్లో ఉంది. అంగట్లో టీ తాగుతున్న కానిస్టేబుల్ సుంకప్ప గ్లాసు జారవిడిచాడు. ఆయన హైదరాబాదులో పనిచేసి వచ్చినవాడు. అక్కడి రౌడీల భాషలో ఘోడా అంటే పిస్తోలు. పైగా ఇలాంటి మిషన్లలో నంబరూ లైసెన్సూ లేని తుపాకులు అచ్చేస్తారని మొన్ననే పోలీసు శిక్షణ క్లాసులో చెప్పారు.

కాసేపటికే సుంకప్పను వెంటబెట్టుకుని ఎస్సై గౌస్ పీర్ గడపలో ఉన్నాడు.

"ఘోడా యాడుండాది?"

"ప్రవీణ్ చేస్తాండాడు సార్."

"దాంతో ఎవుర్ని ఏసేస్తావు?"

"రాజును సార్. అడ్డమొస్తే మంత్రిని గూడా."

"నీ ఎనక ఎవురుండారు?"

"ఎనక కాదు సార్, ముందర. ఎనిమిది మంది బంట్లు."

ఎస్సై వెంటనే పైవాళ్లకు ఫోన్ చేశాడు. "సార్, మంత్రిగారు గూడా లిస్టులో ఉండారు!"

అప్పటికి గానీ గౌస్ పీర్‌కు సంగతి అర్థం కాలేదు. జైలు భయం కాదు ఆయనది. ఈ మాట చెవిన పడితే దివాకర్ మళ్లీ ఈ గడప తొక్కుతాడా?

ఇంతలో ప్రవీణ్ పరుగెత్తుకొచ్చి, వేడి ఆరని నల్ల గుర్రాన్ని ఆయన చేతిలో పెట్టాడు. ఎస్సై దాన్నీ సుంకప్పనూ మార్చి మార్చి చూశాడు.

"ఇదేనా నీ పిస్తోలు?"

సుంకప్ప నోరు తెరిచేలోగా దివాకర్ కారు దిగాడు. వెనకాలే గన్‌మ్యాన్. వస్తూనే గౌస్ పీర్‌ను గట్టిగా వాటేసుకున్నాడు.

"పీరన్నా! గన్‌మ్యాన్ కావాలని ఎన్నేండ్లు తిరిగినా, నీకెవురితో ప్రమాదం లేదు పోప్పా అని తరిమినారు. నీ పిస్తోలు పుణ్యాన ఈపొద్దు ఇచ్చినారు. ఎస్సైగారూ, ఇది గుర్రమని యాడా చెప్పొద్దండీ!"

మంత్రిగారి సంగతి పైకి చెప్పేసి ఉన్నాడు గనుక ఎస్సై కూడా సరేనన్నాడు.

బోర్డు పరిచారు. ఆట ముదిరాక దివాకర్ చెయ్యి పాత అలవాటు కొద్దీ నల్ల గుర్రం దాకా వెళ్లి ఆగింది.

"దీన్నెట్ల తినేదన్నా?"

గౌస్ పీర్ కడుపారా నవ్వాడు. గన్‌మ్యాన్ పక్కనే నిలబడి ఉండగా, ఆ ఘోడా దివాకర్ రాజును చంపింది.